లివర్ మార్పిడి తర్వాత పైత్యనాళం మూసుకుంటే: ఈఆర్‌సీపీనా, పక్క నుంచి పైపా, మళ్లీ ఆపరేషనా?

మా ఆయనకి లివర్ మార్పిడి జరిగిన అయిదో నెలలో దురద మొదలైంది. ముందు అరచేతులు, అరికాళ్లు. తర్వాత ఒళ్లంతా. రాత్రి రెండింటికి లేచి వీధరుగు మీద కూర్చుని దువ్వెనతో వీపు గోక్కునేవారు. కళ్లు పచ్చబడలేదు, కడుపునొప్పి లేదు, జ్వరం లేదు. దగ్గర్లో చూపిస్తే ఎలర్జీ అని ఆయింట్‌మెంట్ రాశారు. అలా మూడు వారాలు పోయాయి. చివరికి శ్రీకాకుళం వెళ్లి ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయిస్తే బిలిరుబిన్ కొంచెమే పెరిగింది గానీ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ మాత్రం ఉండాల్సినదానికి నాలుగైదు రెట్లున్నాయి. ఆయన కడుపులో ఉన్నది నా లివర్‌లో కుడి ముక్క. ఆ కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీదే కూలబడిపోయాను.

తర్వాత ఏడాదికి పైగా ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. పైత్యనాళం, అంటే లివర్ నుంచి పేగులోకి పైత్యం వెళ్లే గొట్టం, మూసుకునే ఈ సమస్యకి ఉన్న మూడు దారుల్లో రెండు మేమే చూశాం, మూడోది పక్క మంచం వాళ్లకి జరుగుతుంటే చూశాం. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లే వాళ్లకి ఏ దారి ఎప్పుడు సరిపోతుందో, డాక్టర్ని ఏం అడగాలో మొదటిరోజే తెలిసుంటే మాకు అంత టెన్షన్ ఉండేది కాదు. అందుకే రాస్తున్నాను. చివరి మాట మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌దే, కాకపోతే వాళ్లు చెప్పేది అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ముందు ఒక సంగతి. ఇది మీ తప్పో, దాత లివర్ తప్పో కాదు. లివర్ మార్పిడిలో పైత్యనాళం అతుకు బలహీనమైన చోటని సర్జన్లు 1970ల నుంచీ చెబుతూనే ఉన్నారు. బ్రెయిన్‌డెడ్ దాత లివర్ పెట్టినవారిలో నూటికి సుమారు 10 నుంచి 15 మందికి, మాలాగా ఇంట్లోవాళ్లే ఇచ్చినచోట 20 నుంచి 30 మందికి ఈ ఇబ్బంది వస్తుంది. బతికున్న దాత నుంచి సగం ముక్కే తీస్తారు కాబట్టి నాళాలు సన్నగా ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడు ఉంటాయి. మాకు రెండున్నాయి. పైగా పైత్యనాళానికి రక్తం హెపాటిక్ ఆర్టరీ ఒక్కదాని నుంచే అందుతుంది. ఆ ధమనికి ఏమైనా అయితే ముందు దెబ్బతినేది నాళమే.

నొప్పి లేదు కదా అని ధీమా పడకండి. కొత్త లివర్‌కి నరాలు తెగి ఉంటాయి, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాపుని కప్పేస్తాయి. దురద, మూత్రం ముదురు రంగు, మలం తెల్లబడటం, చలితో జ్వరం, ఏ కారణం లేకుండా ఎల్ఎఫ్‌టీ పెరగడం... వీటిలో ఒక్కటి చాలు, ఫోన్ చేయడానికి.

గండి వేరు, పూడిక వేరు

మా వైపు వాళ్లకి గొట్టా బ్యారేజీ కాలువలతో చెబితే త్వరగా అర్థమవుతుంది. కాలువకి గండి పడటం ఒకటి, తూము దగ్గర ఇరుకైపోవడం ఒకటి, పొడవునా గట్లే కుంగిపోవడం ఇంకొకటి. మూడింటికీ ఒకే మరమ్మతు పనికిరాదు.

గండి అంటే లీక్. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోపే వస్తుంది. చిన్న లీకైతే, డ్రెయిన్ పైపు ఇంకా ఉంటే, కొన్నాళ్లు చూస్తారు. తగ్గకపోతే ఈఆర్‌సీపీ (నోటి నుంచి గొట్టం పంపి పైత్యనాళాన్ని సరిచేయడం) చేసి స్టెంట్ (నాళం తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేస్తారు. పైత్యం లోపల ఒకచోట మడుగు కడితే స్కాన్‌లో చూస్తూ సూదితో తోడతారు. మొదటి రోజుల్లోనే పెద్ద లీకు వస్తే ఆపరేషన్. దాతకి కూడా లీక్ రావచ్చు. నాకు రాలేదు గానీ, మీ ఇంట్లో దాతకి జ్వరమో కడుపు ఉబ్బరమో వస్తే పేషెంటు హడావిడిలో దాన్ని వదిలేయకండి.

తూము ఇరుకవడమంటే అతుకు దగ్గర నాళం సన్నబడటం. చాలామందికి మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. మాకు వచ్చింది ఇదే. మూడిట్లో దీనికే ఎక్కువ దారులున్నాయి, ఈ పోలిక అంతా ముఖ్యంగా దీని గురించే.

గట్లు కుంగడం మాత్రం కష్టమైనది. అతుకు దగ్గర కాకుండా లివర్ లోపలి నాళాలు అక్కడక్కడా సన్నబడిపోతాయి. దీనికి తరచుగా రక్తం సరిగా అందకపోవడమే కారణం. స్టెంట్లతో కొందరికి కుదుటపడుతుంది, కొందరికి మళ్లీ మార్పిడి దాకా వెళుతుంది. ఈ మాట విన్నప్పుడు డాక్టర్ని ముందుగా అడగాల్సింది 'ధమని బాగుందా' అని.

ఏ స్కాన్ ముందు?

డాప్లర్‌తో అల్ట్రాసౌండ్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఆరోజే చేయించేయొచ్చు. ధమనిలో రక్తం పారుతోందో లేదో అందులో తెలుస్తుంది. కాకపోతే 'నాళాలు నార్మల్' అని రిపోర్టులో రాస్తే దానితో ఊరుకోకండి. మార్పిడి చేసిన లివర్‌లో నాళం మూసుకున్నా వెనక భాగం ఉబ్బకపోవచ్చు. మాకు అల్ట్రాసౌండ్ నార్మల్ అనే వచ్చింది.

అసలు బొమ్మ తెలిసేది ఎంఆర్‌సీపీలో, అంటే పైత్యనాళాలకి చేసే ఎంఆర్ఐ స్కాన్‌లో. నాళంలో ఉన్న పైత్యమే అందులో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి మామూలుగా రంగు మందు ఎక్కించక్కర్లేదు. ఉద్దానం వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. సోంపేట, కవిటి, మందస, పలాస వైపు కిడ్నీ జబ్బు ఇంటింటా ఉంది, దానికి తోడు ఇమ్యూనిటీ తగ్గించడానికి రోజూ వేసుకునే టాక్రోలిమస్ మాత్ర కూడా కిడ్నీ మీద భారం వేస్తుంది. సీటీకి రంగు మందు ఎక్కించే ముందు మీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.

చూడటానికి మాత్రమే ఈఆర్‌సీపీ చేయించుకోవద్దు. అది రిపేరుకి. ఎంఆర్‌సీపీలో ఇరుకు కనిపించాక వెళ్లేది.

రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త లివర్‌ని ఒప్పుకోకపోవడం, వచ్చినా ఎల్ఎఫ్‌టీ ఇలాగే పెరుగుతుంది. ఏదో తేలక ముందే స్టెరాయిడ్ పెంచేస్తే, లోపల నాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది ఇంకా ముదురుతుంది. తేలకపోతే బయాప్సీ అంటారు, భయపడకండి.

మొదటి ప్రశ్న: మీ అతుకు ఏది?

డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. 'డక్ట్ టు డక్ట్' అని ఉంటే దాత నాళాన్ని మీ నాళానికే కలిపారు. 'హెచ్‌జే' అనో 'హెపాటికోజెజునోస్టమీ' అనో 'రూ' అనో ఉంటే నాళాన్ని చిన్నపేగు ముక్కకి కలిపారు. (సీజర్ రూ అనే స్విట్జర్లాండ్ సర్జన్ పేరది. పేగు వై ఆకారంలో కలుస్తుంది.) సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

ఈఆర్‌సీపీ గొట్టం నోటి నుంచి పొట్ట దాటి, పైత్యనాళం పేగులో తెరుచుకునే చోటు దాకా వెళ్లాలి. డక్ట్ టు డక్ట్‌లో ఆ దారి అలాగే ఉంటుంది. పేగుకి కలిపినవాళ్లలో ఆ చోటు చాలా దూరం, మామూలు గొట్టం అందదు. బెలూన్ ఉన్న పొడవాటి ఎంటరోస్కోప్‌తో చేసేవాళ్లున్నారు గానీ అది అన్నిచోట్లా దొరకదు. అందుకే వాళ్లకి ఎక్కువగా పక్క నుంచి పైపే మొదటి దారి.

ఈఆర్‌సీపీ: ఓపిక ఉంటే ఇదే ముందు

డక్ట్ టు డక్ట్ అయితే నా సలహా సూటిగా ఇదే: ముందు ఈఆర్‌సీపీ, మధ్యలో ఆపకుండా ఏడాది. బయట ఏమీ కనిపించదు, పైపు ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేయొచ్చు. బెలూన్‌తో ఇరుకుని సాగదీసి ప్లాస్టిక్ స్టెంట్ పెడతారు. అది మూడు నెలల్లో పూడిపోతుంది కాబట్టి ప్రతి మూడు నెలలకీ మార్చి, వీలైతే ఒకటి ఉన్నచోట రెండు, రెండు ఉన్నచోట మూడు పెడతారు. పది ఫ్రెంచ్ స్టెంట్ అంటే మూడు మిల్లీమీటర్ల కన్నా కొంచెం లావు. అలాంటివి పక్కపక్కన పెట్టి నెమ్మదిగా తోవ వెడల్పు చేస్తారు. బ్రెయిన్‌డెడ్ దాత లివర్‌లో ఇలా చేస్తే నూటికి 70 నుంచి 90 మందికి తెరుచుకుంటుంది. లైవ్ డోనర్ లివర్‌లో నాళాలు వంకర, సన్నం, కాబట్టి అంతకన్నా తక్కువ. తెరుచుకున్నాక కూడా కొందరికి మళ్లీ ఇరుకవుతుంది, అప్పుడు ఇంకో విడత.

మెటల్ స్టెంట్ పెట్టించుకోమా అని మేమూ అడిగాం. పూర్తిగా కవర్ ఉన్న మెటల్ స్టెంట్ ఒకేసారి వెడల్పుగా విచ్చుకుంటుంది, కొన్ని నెలలు ఉంచి తీసేస్తారు, అన్నిసార్లు తిరగక్కర్లేదు. ఇచ్ఛాపురం నుంచో కొత్తూరు నుంచో వెళ్లేవాళ్లకి అది పెద్ద వెసులుబాటు. కాకపోతే అది జారిపోవచ్చు. మాలాగా రెండు సన్నని నాళాలున్నచోట ఒకదాంట్లో పెడితే పక్కదాని నోరు మూసేయొచ్చు. అందుకే మాకు వద్దన్నారు. బ్రెయిన్‌డెడ్ దాత, ఒకే లావుపాటి నాళం, అతుకు కాస్త కిందుగా ఉంటే మెటల్ గురించి తప్పకుండా అడగండి. కవర్ లేని మెటల్ స్టెంట్ అంటే మాత్రం ఆగి, ఎందుకని గట్టిగా అడగండి. అది కండలో పాతుకుపోతుంది, తర్వాత తీయడం చాలా కష్టం.

ఒక్కో స్టెంట్ ధర చూసి తేల్చుకోకండి. మొత్తం ఎన్నిసార్లు వెళ్లాలి, ప్రతిసారీ మత్తు, బెడ్డు, కారు, తోడొచ్చే మనిషి మానేసే పని, అన్నీ కలిపి లెక్కేయండి. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో మొదటి ఈఆర్‌సీపీకి ముందే 'తర్వాతి స్టెంట్ మార్పులు కూడా ఇందులోకి వస్తాయా' అని అడిగి తెలుసుకోండి.

ఈఆర్‌సీపీ తర్వాత పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. ఇంటికి బయల్దేరే ముందో దారిలోనో పొట్ట పైభాగంలో గట్టిగా నొప్పి, వీపుకి పాకుతుంటే, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకోకండి, వెనక్కి వెళ్లిపోండి. ఆ వాపు రాకుండా డైక్లోఫెనాక్ లాంటి మందు మలద్వారంలో పెడుతుంటారు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆస్పిరిన్ వేసుకుంటుంటే అదీ చెప్పాలి. సొంతంగా ఆపకూడదు.

తేదీ విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. మా నాలుగో మార్పు సంక్రాంతి వారంలో పడింది. "పండగెళ్లాక ఎల్దురు గాని, కనుమ నాడు ఇంటి మనిషి లేకపోతే ఎలాగమ్మీ?" అంది మా అత్త. ఆవిడ బాధ నాకు తెలుసు. అయినా భోగి ముందే బయల్దేరిపోయాం. అదే వార్డులో ఒకాయన అలాగే పండగ తర్వాత చూద్దామని మూడు నెలల స్టెంట్‌ని అయిదు నెలలు ఉంచేశారు. అది పూడిపోయి, చలిజ్వరంతో ఐసీయూలో పడ్డారు. అక్టోబరు, నవంబరుల్లో తేదీ పడితే వారం ముందుకి జరిపించుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు కరెంటు, రోడ్లు ఎన్నాళ్లు లేవో మనందరం చూశాం. తుఫాను కాలంలో టాక్రోలిమస్ కూడా రెండు వారాలకి ఎక్కువే ఇంట్లో ఉంచండి.

పక్క నుంచి పైపు: కష్టమే, కానీ కొన్నిసార్లు అదే దిక్కు

మాకు రెండు నాళాల్లో ఒకదాంట్లోకే ఈఆర్‌సీపీ తీగ వెళ్లింది. రెండోది పూర్తిగా మూసుకుపోయింది. అప్పుడు కుడి పక్కటెముకల మధ్య నుంచి సూదితో లివర్‌లోకి వెళ్లి సన్నని పైపు వేశారు. పీటీబీడీ అంటారు. చేసేది రేడియాలజీ డాక్టరు. కొన్ని వారాల తర్వాత పై నుంచి వచ్చిన తీగని కింద నుంచి ఈఆర్‌సీపీ గొట్టంతో పట్టుకుని లోపలికి స్టెంట్ మార్చారు. రెండు వైపుల నుంచి సొరంగం తవ్వి మధ్యలో కలిసినట్టు. ఈఆర్‌సీపీ ఒక్కసారి కుదరలేదని మళ్లీ ఆపరేషన్‌కి సిద్ధమయ్యేముందు, ఈ రెండూ కలిపి చేసే టీమ్ ఉందేమో అడగండి.

ఆ వారాలు నాకు బాగా గుర్తు. రోజూ సాయంత్రం ట్యూబ్‌లైటు కింద కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టేదాన్ని. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, పైపుకున్న త్రీవే మూతని స్పిరిట్ దూదితో తుడిచి, పది ఎంఎల్ సిరంజిలో సెలైన్ తీసి మెల్లగా లోపలికి తోసేదాన్ని. తోయడమే. వెనక్కి లాగకూడదు, లాగితే పేగులోని క్రిములు లివర్‌లోకి వస్తాయని నర్సమ్మ నాకు మూడుసార్లు చెప్పింది. గట్టిగా ఉంటే బలవంతం చేయకుండా ఫోన్ చేయమంది. మొదటిరోజు నా చేయి వణికి సిరంజి కింద పడిపోయింది. వారం తిరిగేసరికి బ్యాగ్‌లో రంగు చూసి ఎలా ఉందో చెప్పగలిగేదాన్ని. తేనె రంగో ముదురు పసుపో అయితే పర్వాలేదు. ఎర్రగా వచ్చినా, ఒక్కసారిగా రావడం ఆగిపోయినా, పైపు చుట్టూ తడిసినా, చలి పుట్టినా ఆగకూడదు. పైపు జారి బయటికొస్తే మళ్లీ తోయొద్దు, శుభ్రమైన గుడ్డ పెట్టి బయల్దేరాలి.

బ్యాగ్ సగం నిండగానే ఖాళీ చేసి కొలత రాయండి. పైత్యం రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా తయారవుతుంది. అదంతా బయటికే పోతే ఉప్పు, నీరు పోయి మనిషి నీరసించి, కిడ్నీ కూడా దెబ్బతింటుంది. కొలత ఎక్కువైతే ఎంత ఓఆర్ఎస్ తాగాలో డాక్టర్ని అడగండి. పైపు కొస పేగులోకి దిగి ఉంటే బయటికి మూత పెట్టేసి పైత్యాన్ని లోపలికే పోనివ్వొచ్చు. 'బయటికేనా, లోపలికి కూడానా' అని వేసినరోజే కనుక్కోండి. చాలా రోజులు ఉంచాల్సి వస్తే రెండు మూడు నెలలకోసారి పైపు మారుస్తారు. కారులో వెళ్లేటప్పుడు బ్యాగ్ పొట్ట కన్నా కిందుగా ఉండాలి, సీటు బెల్టు పైపు మీద పడకుండా మడతపెట్టిన తువ్వాలు అడ్డం పెట్టాలి.

పీటీబీడీని తక్కువ రకం వైద్యంగా చూడకండి. పేగుకి అతుకు వేసినవాళ్లకి, ఈఆర్‌సీపీ కుదరనివాళ్లకి, చీము పట్టి ప్రాణం మీదకొచ్చినవాళ్లకి అది చేసే మేలు ఇంకోటి చేయలేదు. కానీ రెండూ వీలయ్యే పరిస్థితిలో ఇంట్లో రోజూ చూసే మనిషి లేకపోతే, మడ్డువలసో సీతంపేటో లాంటి చోట నుంచి రాత్రిపూట బండి దొరకకపోతే, ఈఆర్‌సీపీ వైపే మొగ్గండి.

మళ్లీ ఆపరేషన్

ఏడాది స్టెంట్లు మార్చినా తెరుచుకోకపోతే, పైపుతోనూ దారి దొరక్కపోతే, అతుకు విప్పి నాళాన్ని పేగుకి కలుపుతారు. పక్క మంచం అబ్బాయికి అదే చేశారు. పెద్ద ఆపరేషనే, కానీ సరైన మనిషికి సరైన సమయంలో చేస్తే స్టెంట్ల తిరుగుడు ఆగిపోతుంది. అయితే ఆ తర్వాత మళ్లీ ఇరుకైతే మామూలు ఈఆర్‌సీపీకి దారి ఉండదని ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. ఇక రెండోసారి లివర్ మార్పిడి అంటే, ధమని మూసుకుపోయి లోపలి నాళాలన్నీ పోయినప్పుడు వచ్చే మాట.

ఎక్కడ చేయించాలి?

రక్తపరీక్షలు, డాప్లర్ మన ఊళ్లోనే. టాక్రోలిమస్ లెవెల్‌కి పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి, ల్యాబ్‌లో తొందరపెట్టినా సరే. ఎంఆర్‌సీపీ విశాఖలో చేయించి బొమ్మలున్న సీడీ తీసుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఈఆర్‌సీపీ మాత్రం, కుదిరితే మార్పిడి చేసిన టీమ్ దగ్గరే మొదటిసారి చేయించండి. వాళ్లు ఎన్ని నాళాలు ఎక్కడ కుట్టారో వాళ్లకి తెలుసు. హైదరాబాదో చెన్నైయో ప్రతి మూడు నెలలకీ వెళ్లలేకపోతే, విశాఖలో మార్పిడి పేషెంట్లకి తరచుగా స్టెంట్లు వేసే డాక్టర్ని వెతికి, ఆపరేషన్ నోట్స్ ఇచ్చి, రెండు టీమ్‌లనీ ఫోన్‌లో మాట్లాడించండి. మేం రెండోసారి నుంచి అలాగే చేశాం. రెండున్నర మూడు గంటల్లో చేరిపోయేవాళ్లం.

రాత్రి చలిజ్వరం వస్తే లెక్క మారిపోతుంది. అప్పుడు మంచి ఆసుపత్రి కన్నా దగ్గరి ఆసుపత్రి ముఖ్యం. శ్రీకాకుళమో విజయనగరమో చేరి, వీలైతే బ్లడ్ కల్చర్‌కి రక్తం ఇచ్చి, యాంటీబయాటిక్ మొదటి డోసు పడ్డాక, సెలైన్ ఎక్కుతుండగా అక్కడి నుంచి కదలండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఆ డాక్టరుకి టాక్రోలిమస్ పేరు చెప్పి, మీ కోఆర్డినేటర్‌తో ఫోన్‌లో మాట్లాడించండి. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కిచ్చే ఫ్లుకోనజోల్ రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తాయి, రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది. నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు.

"ఓపాలి పసరు ఏయించీ అమ్మీ, కామెర్లు దిగిపోతాయి" అని మా వీధిలో ఎంతమంది అన్నారో. ప్రేమతోనే అన్నారు. ఇరుకైన నాళాన్ని ఏ ఆకు పసరూ తెరవలేదు, ఆ ఆకుల్లో ఏముందో కొత్త లివర్ మీద ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. పెరట్లో పంపరపనస చెట్టుంటే ఆ పండు కూడా పెట్టకండి, టాక్రోలిమస్ పెరగవచ్చు.

వెళ్లేటప్పుడు నేను పట్టుకెళ్లే సంచిలో ఉండేవి: ఆపరేషన్ నోట్స్ జిరాక్సు, సీడీ, తేదీల వారీగా ఎల్ఎఫ్‌టీ రాసిన రెండు వందల పేజీల నోట్‌బుక్, ఆరోజు మాత్రలు. ప్రతిసారీ డిశ్చార్జి అయ్యేముందు నాలుగే ప్రశ్నలు అడిగేదాన్ని. లోపల ఇప్పుడు ఎన్ని స్టెంట్లున్నాయి? ప్లాస్టికా, మెటలా? ఏ తేదీలోపు తీయాలి? రాత్రి జ్వరమొస్తే ఏ నంబరుకి చేయాలి? ఇంటికి రాగానే ఆ తేదీని వంటింటి కేలెండర్లో ఎర్ర స్కెచ్‌పెన్‌తో చుట్టేదాన్ని. చివరి రెండు స్టెంట్లూ తీసి ఇప్పటికి ఏడాదిన్నర. ఇప్పుడు ఆ కేలెండర్లో మూడు నెలలకోసారి ఎల్ఎఫ్‌టీ తేదీ ఒక్కటే చుట్టి ఉంటుంది.